డ్రోన్ వెనకాల తైవాన్ పంపు

మా ఊళ్లో మిరపచేను ఉన్న ఎవరి దగ్గరైనా ఇషాక్ పేరెత్తండి, ముందు నవ్వుతారు. ఆ తర్వాత ఒక కథ చెబుతారు. అందులో సగం కల్పన. నేను చెప్పేది మాత్రం నిజం. నా మూడెకరాల చేనుకి ఏళ్ల తరబడి మందు కొట్టింది అతనే. నా నోటికి జడవకుండా ఎదురుగా నిలబడి నవ్వగలిగిన మగాడు కూడా ఈ ఊళ్లో అతనొక్కడే.

నా పేరు రాజ్యం. వినుకొండ నుంచి ఆటోలో అరగంట వస్తే మా ఊరు. మా ఆయన పోయాక సేద్యం నేనే చేసుకుంటున్నాను కాబట్టి నోరు కాస్త పెద్దదే. అదీ లేకపోతే పురుగుమందుల కొట్టువాడి దగ్గర్నుంచి గుంటూరు యార్డులో కమిషన్ వ్యాపారి దాకా అందరూ చెవిలో పూలు పెట్టేవాళ్లే.

ఇషాక్ మందు కొట్టే తీరు చూడాలి. తెల్లారీ తెల్లారకముందే వీపున తైవాన్ పంపు తగిలించుకుని గట్టు మీదికి వచ్చేవాడు. పెట్రోలుతో నడిచే ఆ పంపుకి ఆ పేరెందుకు వచ్చిందో నాకు తెలియదు, అందరం అలాగే అంటాం. గుప్పెడు దుమ్ము తీసి వదిలి గాలి ఎటుందో చూసేవాడు. గాలి కుదరకపోతే, "ఇయ్యాళ కాదక్కా, మందంతా నా మొహానికే పడుద్ది. నా మొహానికేం తెగుల్లేదు" అని వెనక్కి తిరిగేవాడు. నేను తిట్టేదాన్ని. అతను నవ్వుకుంటూ పోయేవాడు. గాలి కుదిరిన రోజు మాత్రం సాలు సాలూ తిరిగి చెట్టు చెట్టూ తడిపి, పని ముగిశాక బోరు కింద ఒళ్లంతా సబ్బుతో రుద్దుకుంటే గానీ మంచినీళ్లయినా ముట్టేవాడు కాదు. ఈ పనిలో ఒళ్లు గుల్ల చేసుకున్నవాళ్లని చాలామందిని చూశాను. నలభై దాటినా ఇషాక్ గుండ్రాయిలా ఉన్నాడంటే ఆ జాగ్రత్తే కారణం.

ఇక్కడ మా రైతుల సంగతి ఒకటి చెప్పాలి. మాకు ఆకు కారాలి. మందు కొట్టాక ఆకు కొసన బొట్టు నిలిచి, అది కింది ఆకు మీద పడి, అక్కణ్ణించి నేలకి జారితే తప్ప మందు పడిందని మా మనసు ఒప్పుకోదు. పురుగు ఉండేది చెట్టుకి కదా, నేలకి ఎందుకమ్మా మందు తాగిస్తారు అని వ్యవసాయ శాఖ వాళ్లు ఎన్నిసార్లు మొత్తుకున్నారో. వింటాం, తలూపుతాం, ఇంటికొచ్చి మళ్లీ కారేదాకా కొట్టిస్తాం. ఇషాక్‌కి మాలో అంత పేరు రావడానికి కారణం అదే. అతను కొట్టి వెళితే చేను అప్పుడే వాన వెలిసినట్టుండేది.

రెండేళ్ల కిందట వేసవిలో మండలాఫీసు హాల్లో ఒక సదస్సు పెట్టారు. రాబోయే ఐదేళ్లలో మన వైపు ఏ పనులు పెరుగుతాయి, ఏ పనులు తగ్గుతాయి అన్నది విషయం. చెప్పడానికి జిల్లా నుంచి శ్రీదివ్య అనే ఆఫీసరమ్మ వచ్చింది, చిన్న వయసే. డ్వాక్రా గ్రూపుల ఆడవాళ్లని రమ్మన్నారని మేం వెళ్లాం. మగవాళ్లు కూల్‌డ్రింకు ఇస్తారని వచ్చారు. తెర మీద పనుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక బాణం. కోల్డ్ స్టోరేజీల్లో పనులకి బాణం పైకి. కారం ప్యాకింగుకి పైకి. నర్సులకి, సోలార్ పలకలు బాగుచేసేవాళ్లకి పైకి. కొన్నింటికి కిందికి. "ఇవి అంచనాలేనండి, జాతకాలు కావు. పిల్లల్ని ఏ చదువుకి పంపాలో ఆలోచించుకోవడానికి పనికొస్తాయి, అంతే" అని ఆ అమ్మాయి ముందే చెప్పేసింది. నాకా మాట నచ్చింది. జాతకాలు చెప్పేవాళ్లెవరూ అలా అనరు.

వెనక బెంచీ మీంచి ఇషాక్ లేచాడు.

"మేడమ్ గారూ, ఆ అడుగున ఎర్ర బాణం ఎవరిదండి?"

"పురుగుమందు పిచికారీ చేసే కూలీలదండి. ఆ పని బాగా తగ్గొచ్చని అంచనా."

"అయితే అది నాదేనండి" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. "మరి ఆ పైన పచ్చ బాణం?"

"వ్యవసాయ డ్రోన్ పైలట్లది. మహిళా గ్రూపుల వాళ్లకి శిక్షణ ఇచ్చి, గ్రూపుకి డ్రోన్ ఇస్తారు. పదో తరగతి పాసై ఉంటే చాలండి."

ఇషాక్ కాసేపు తల గోక్కున్నాడు. "ఆ ఎరుపూ ఈ పచ్చా ఒకే ఇంట్లో ఉండొచ్చాండి? మా ఆవిడ ఇంటర్ పాసయ్యింది."

ఈసారి ఆఫీసరమ్మ కూడా నవ్వింది. నా పక్కన కూర్చున్న రిహానా, అంటే ఇషాక్ భార్య, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఇంట్లో కుట్టుమిషన్ తొక్కుకునే మనిషి. బజార్లో నడిస్తే గోడ వారగా నడుస్తుంది. అలాంటిదాని పేరు ఆ సాయంత్రమే దరఖాస్తులో ఎక్కింది, ఇషాక్ పక్కన నిలబడి ఎక్కించాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఊరుకోలేకపోయాను. "ఏరా, నీ నోటికాడ కూడు తీసి నువ్వే మిషను నోట్లో పెడతన్నావా? బుద్ధుందా?"

"మా నాన్న సంగతి నీకు తెలవంది కాదుగా అక్కా" అన్నాడు.

తెలుసు. ఇషాక్‌ది దూదేకుల కుటుంబం. తండ్రి బుడాన్ సాయిబు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నా పెళ్లి పరుపు ఆయన చేతిదే. ఇప్పటికీ ఎక్కడా ఉండ కట్టలేదు. తర్వాత దూది ఏకే మిషన్లు వచ్చాయి, వాటి వెనకే ఫోమ్ పరుపులు వచ్చాయి. బుడాన్ సాయిబు వాటిని తిట్టడం మొదలుపెట్టాడు. అదే పనైపోయింది ఆయనకి. ఎవరింట్లో ఫోమ్ పరుపు కనపడితే వాళ్ల గడప తొక్కనన్నాడు. కొన్నాళ్లకి తొక్కడానికి గడపే మిగల్లేదు. ఇషాక్ తల్లి మౌలాబీ మిరపకాయలు కోసి ఇల్లు నడిపింది.

"మా నాన్న మిషన్ని తిట్టీ తిట్టీ పోయాడక్కా. దానికి ఒక్క మాటన్నా వినపళ్లా. అన్నీ మా అమ్మకే వినపడ్డాయి. నేనట్టా చెయ్యను."

ఆటో దిగాక అతని డబ్బులు కూడా నేనే ఇచ్చాను. నేను ఒకరికి డబ్బులివ్వడం అరుదు.

రిహానా శిక్షణకి వెళ్లింది, పరీక్ష పాసైంది, ఆ పైసంవత్సరం వానలు తగ్గేసరికి డ్రోన్ ఊళ్లోకి దిగింది. గ్రూపు ఆస్తే గానీ పెట్టడానికి చోటు కావాలి కదా, ఇషాక్ తన పంపు పెట్టుకునే వసారా ఖాళీ చేసి దాన్ని అక్కడ పెట్టించాడు. పంపు బయట చూరు కిందికి పోయింది. మొదటి రోజు డ్రోన్ చుట్టూ ప్రదక్షిణం చేసి, "ఇంత సన్న కాళ్లేందే దీనికి, నీళ్ల బరువు మోసుద్దా?" అని భార్యని అడిగాడు. "నువ్వు మోసేదాంట్లో సగం కూడా ఉండదు, దానికి అంత తిండి అక్కర్లేదు" అంది రిహానా. ఆ మాట విని నేను ఆశ్చర్యపోయాను. గోడ వారన నడిచే మనిషికి మాటలొచ్చాయి.

మొదట ఎగిరింది నా చేలోనే. అప్పటికి పూత మీద ఉంది, పూతలో నల్ల తామర పురుగు దిగింది. రిహానా టోపీ పెట్టుకుని, మెడలో రిమోటు వేలాడేసుకుని గట్టు మీద నిలబడింది. ఇషాక్ బ్యాటరీలు మోసుకొచ్చి వెనక నిలబడ్డాడు. డ్రోన్ లేచింది. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఎకరం అయిపోయింది. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడి చూసింది.

అది దిగగానే నేను చేలోకి వెళ్లి ఆకు పట్టుకుని చూశాను. బొట్టు లేదు. కారడం సంగతి దేవుడెరుగు, చేతికి తడి కూడా సరిగ్గా తగల్లేదు.

"ఏమే రిహానా, ఇది మందా, మంచా?"

"మందే వదినా. సన్న తుంపర, ఆకు రెండు పక్కలా అంటుకుంటది. కారాల్సిన పన్లేదు."

"కంటికి కనపడనిదానికా నేను కొట్లో అంత పోసి డబ్బా కొనుక్కొచ్చింది?"

రిహానా మొహం చిన్నబోయింది. ఇషాక్ బ్యాటరీలు సర్దుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే అతన్ని చాటుగా పిలిచాను. పిలుస్తాను మరి, నా చేను. "రేప్పొద్దున పంపు తీసుకుని ఒక్కసారి వచ్చిపో. రిహానాకి చెప్పమాకు."

"సరే అక్కా. కానీ ఆ మందే మళ్లీ కొడితే ఆకు మాడుద్ది. వేరేది నేను కలుపుకొస్తా. డబ్బుల సంగతి తర్వాత చూద్దాంలే."

మర్నాడు వచ్చాడు, ఎప్పటిలాగే సాలు సాలూ తిరిగాడు. ఆకు కొసల బొట్లు జారాయి, నా ప్రాణం కుదుటపడింది. "వాసన రాలేదేందిరా?" అంటే, "కొత్త రకం అక్కా, వాసన ఉండదు" అన్నాడు. నమ్మాను.

ఈ ఏర్పాటు నా ఒక్కదానిదే అనుకున్నాను. డ్రోన్‌తో కొట్టించిన ప్రతివాళ్లూ అదే అనుకున్నారు. రిహానా డ్రోన్ ఈ రోజు ఎవరి చేలో ఎగిరితే రేపు తెల్లారి ఇషాక్ పంపు ఆ చేలో డుర్రుమనేది. అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాయం.

పురుగు తగ్గింది. పూత నిలిచింది. పిందె పడింది. అప్పుడు మొదలైంది అసలు తంటా. మా ఊళ్లో పిచ్చయ్య అని పెద్ద రైతు ఉన్నాడు, అతను తుమ్మితే పదిమంది చిరంజీవ అంటారు. టీ బంకు దగ్గర కూర్చుని అతను తేల్చేశాడు. "ఆ ఈగ ఊరికే రెక్కలాడించి పోయింది. పురుగుని చంపింది ఇషాక్ చెయ్యి. నా చేలో కూడా వాడు మళ్లీ కొడితేనే తగ్గింది." దాంతో బుట్టలన్నీ బయటపడ్డాయి. నాకూ కొట్టాడంటే నాకూ కొట్టాడని ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. అలాంటప్పుడు డ్రోన్‌కి డబ్బులెందుకు, నేరుగా ఇషాక్‌నే పిలుచుకుంటే పోలా అని ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది.

తగ్గిపోతుందన్న పని ఇషాక్‌కి ముమ్మరమైంది. పెరుగుతుందన్న పని రిహానాకి నిలిచిపోయింది. డ్రోన్ వసారాలో కూర్చుంది. రిహానా దాన్ని రోజూ తుడిచి పెట్టేది. మొగుడితో మాట మానేసింది. అన్నం పెట్టేది, మంచినీళ్లు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. తన పని చాలలేదని కట్టుకున్నవాడే తన వెనకాల వెళ్లి మళ్లీ కొట్టి వచ్చాడంటే ఏ ఆడదానికి మండదు? నాకే ఆమె మొహం చూడబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు దారిలో ఇషాక్ కనపడితే, "నీకేందిరా, ఇప్పుడు నువ్వే రాజువి" అన్నాను వేళాకోళంగా. అతను నవ్వలేదు. "రాజ్యం నీ పేరులో ఉంది, నువ్వే ఏలుకో అక్కా" అని పక్కకి తప్పుకుని పోయాడు. నా ఎకసెక్కానికి ఇషాక్ నవ్వకపోవడం అదే మొదటిసారి.

కోతలు మొదలయ్యే ముందు బడి వరండాలో గ్రూపు మీటింగు పెట్టారు. రైతుల్నీ రమ్మన్నారు. మా గ్రూపు లీడరు కోటిరత్నం ఉన్న సంగతి చెప్పింది. "ఎకరాలు చూపించకపోతే డ్రోన్‌ని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ నెలాఖరుకి పని లేకపోతే పక్క ఊరి గ్రూపుకి ఇచ్చేస్తారు. నా చేతుల్లో లేదు."

రిహానా తల వంచుకుని కూర్చుంది. చదువుకున్న చదువు, నేర్చిన విద్య, ఊరి ముందు వచ్చిన ఆ కాస్త గొంతూ అన్నీ ఆ పెట్టెలో పెట్టి పంపించేయాలి. ఇక మళ్లీ కుట్టుమిషన్, గోడ వార నడక.

పిచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ పిల్లని మేమేం అనలేదమ్మా. కానీ పురుగుని చంపింది ఇషాక్ పంపు. ఊరంతా కళ్లారా చూసింది. ఇషాక్‌నే అడగండి."

ఇషాక్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అందరూ అటు తిరిగారు. అతను భార్య వంక చూశాడు. ఆమె చూడలేదు.

"బాబాయ్, నేను నీ చేలో కొట్టింది బోరు నీళ్లు" అన్నాడు.

పిచ్చయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏం కొట్టావు?"

"నీళ్లు. ఉత్త నీళ్లు. డ్రోన్ వెనకాల నేను ఎవరి చేలో దిగినా కొట్టింది అదే. మందు చుక్క కలపలా. అందుకే ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోలా. మీ పురుగు చచ్చింది రిహానా కొట్టిన మందుకి."

వరండా ఒక్కసారిగా సంతైపోయింది. పిచ్చయ్య లేచి నిలబడ్డాడు. నేను అందరికంటే ముందు అరిచాను. "ఒరేయ్, నాకూ నీళ్లేనా? వాసన లేని కొత్త రకమన్నావే!"

"నీళ్లకి వాసన ఉండదుగా అక్కా."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. కోటిరత్నం అందర్నీ కూర్చోబెట్టి, "ఎందుకు చేశావయ్యా ఈ పని?" అని అడిగింది.

"మీరు నన్ను పిలిచింది మందు కోసం కాదండి, ఆకు కారడం కోసం. నేను రానంటే ఇంకొకణ్ణి పిలుస్తారు. వాడు మందే కొడతాడు. మందు మీద మందు పడితే ఆకు మాడుద్ది. మాడితే డ్రోన్ వల్లే మాడిందంటారు. ఆకు కారితే చాలుగదా అని కార్చాను. ఇట్టా తిరగబడుద్దని నాకేం తెలుసు?"

అప్పుడు లేచింది రిహానా. ఆమె గొంతు ఆ వరండాలో అంత పైకి లేవడం ఎవరూ విని ఉండరు. "వానొస్తే మందు పోద్దా అని మొదటి రోజే నన్ను అడిగావు. ఆరిపోయాక పోదని చెప్పాను. ఇందుకా అడిగింది? ఊళ్లో ఒక్కళ్లూ నమ్మలా, పోనీ అనుకున్నా. నువ్వు కూడా నమ్మకపోతివే! నా వెనకాల దొంగలా పంపేసుకుని పోతివే!"

ఇషాక్ నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. గొంతు కూడా పెంచలేదు.

"నమ్మకపోతే మందే కలిపేవాణ్ణి గదే" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటకి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోను కూడా లేదు. పదిమంది చేలు, పదిమంది పంట. పురుగు తగ్గకపోతే ఊరు ఊరంతా అతని మీద పడేది. భార్య చేసిన పని మీద అంత భరోసా లేకపోతే ఉత్త నీళ్లు పట్టుకుని ఎవడు చేలోకి దిగుతాడు? పైగా ఈ రోజు నోరు విప్పకుండా ఉంటే పంపుకి తిరుగులేదు, అతనికి పని తక్కువా లేదు. బతుకుతెరువుని తన నోటితోనే కొట్టేసుకున్నాడు.

రిహానా కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. మొగుడి వంక చూడకుండా మా అందరి వంకా చూసి, "రేపు ఎవరి చేను ముందు?" అని అడిగింది.

"నాది" అన్నాను. పిచ్చయ్యది నాకంటే పెద్ద గొంతు. "ఆ నీళ్ల దొంగ అందరికంటే ఎక్కువ ముంచింది నన్నే, నాదే ముందు" అన్నాడు.

తెల్లారి పిచ్చయ్య చేలో డ్రోన్ లేచింది. ఇషాక్ బ్యాటరీలు మోశాడు, మందు కొలిచి కలిపాడు, గుప్పెడు దుమ్ము వదిలి గాలి చూసి భార్యకి చేత్తో సైగ చేశాడు. ఆమె తలూపి డ్రోన్‌ని ఆ వైపు తిప్పింది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు కూడా. వాళ్లనలా చూస్తుంటే నాకు హాయిగా ఉంది.

పని ముగిసింది. పిచ్చయ్య ఉండబట్టలేక చేలోకి దిగి ఆకు పట్టుకుని చూశాడు. వేళ్లు రుద్దుకున్నాడు. ఇంకో ఆకు పట్టుకున్నాడు. మెల్లిగా ఇషాక్ వైపు తిరిగి, "ఒరేయ్, ఏమీ అనుకోమాకు. ఒక్కసారి..." అని ఆగిపోయాడు.

ఇషాక్ నోరు తెరిచేలోపే రిహానా అందుకుంది. "నీళ్లు కొట్టించమంటావా మామా? కొట్టిస్తాను. ఈసారి మాత్రం కూలి తీసుకుంటాం."

పిచ్చయ్య ఆకు వదిలేసి గట్టెక్కాడు.